ఐదు భాషల్లో కెటలిస్టు

చెత్తబుట్ట తనంతట తానే అంటుకుంది.

అగ్గిపుల్ల గీసినవాళ్లు లేరు. బీడీ తాగేవాళ్లు లేరు. ల్యాబ్‌లో ఉన్నది అరుణాదేవి ఒక్కతే. ఉద్యోగంలో చేరి వారం కాలేదు. బుట్టలోంచి ముందు పొగ లేచింది, తర్వాత మంట లేచింది. ఆమె మంచినీళ్ల కూజా ఎత్తి బుట్టలో కుమ్మరించింది. మంట ఆరింది. కూజా పగిలింది.

సరిగ్గా అప్పుడే నాగేశ్వర్ లోపలికి వచ్చాడు. పటాన్‌చెరు పారిశ్రామికవాడలోని ఆ మందుల ఫ్యాక్టరీలో అతను హైడ్రోజన్ షెడ్డుకు షిఫ్ట్ కెమిస్ట్. జోగిపేట కిరాణా వ్యాపారి కొడుకు. ఎమ్మెస్సీ. తన తెలివి మీద తనకు గౌరవం ఎక్కువ.

"ఎవరు చేసిన్రు ఇది?"

"నేనే. మీరు పంపిన శాంపిల్ వడగట్టిన. కాగితం బుట్టల పడేసిన."

"కెటలిస్ట్ ఉన్న కాగితం ఎండనియ్యొద్దని తెల్వదా మేడం?"

"చీటీ మీద రాసిన్రా సార్?"

"కెటలిస్ట్ అని రాసిన గద!"

"కెటలిస్ట్ అని రాసిన్రు. ఎండితే మండుతదని రాయలే. మా పుస్తకంల ఉత్ప్రేరకం చర్య వేగం పెంచుతది, తాను మారదు. చెత్తబుట్టలు కాలవెడుతదని యాడ లేదు."

"ఉత్... ఏంది?"

"ఉత్ప్రేరకం. సంగారెడ్డి కాలేజీ, తెలుగు మీడియం. నవ్వాలనుకుంటే నవ్వుండ్రి."

అతను నవ్వాడు. నవ్వకుండా ఉండాల్సింది.

"నవ్వుడు అయిపోయిందా? ఇగ కూజా తెండ్రి. పగిలింది మీ శాంపిల్ వల్ల."

ఆ షెడ్డులో వాడేది నల్లని నికెల్ పొడి. నీళ్లలో ఉన్నంతసేపు బుద్ధిగా ఉంటుంది. తడి ఆరి గాలి తగిలితే నిప్పవుతుంది. షెడ్డులో అందరికీ ఇది తెలుసు. తెలిసిన విషయం కొత్తగా వచ్చినవాళ్లకు చెప్పాలని మాత్రం ఎవరికీ తట్టదు. నాగేశ్వర్‌కూ తట్టలేదు.

మర్నాడు కూజా తెచ్చి పెట్టాడు. థాంక్స్ చెప్తుందని నిలబడ్డాడు. ఆమె కూజాను నాలుగు వైపులా తిప్పి చూసి, "మూత?" అంది.

*

నికెల్ సంగతి తెలిసి కూడా షెడ్డులో ఇంకో కథ పుట్టింది. ఆ రోజుల్లో మెదక్ జిల్లాలో ఎక్కడ ఏ గుడ్డ కాలినా బాణామతి, ఎవరో చేసిన చేతబడి అనేవారు. ఇస్మాయిల్‌ఖాన్‌పేట నుంచి వచ్చే ఆపరేటర్ యాదన్న, కొత్త మేడం చూస్తే బుట్ట అంటుకుందట అని క్యాంటీన్‌లో చెప్పాడు. సాయంత్రానికి, మేడం నవ్వితే అంటుకుందట అయింది.

ఈ మాట అరుణ చెవిన పడింది. ఆమె తిన్నగా యాదన్న దగ్గరికే వెళ్లింది.

"యాదన్నా, నిజమే. నాకు బాణామతి వస్తది. ఎవరి శాంపిల్ చీటీ సక్కగ లేదో, వాళ్ల మీద ప్రయోగం చేస్త."

"అమ్మా! నాకు ఇద్దరు పిల్లలు."

"అయితే చీటీ సక్కగ రాయి."

ఆ మరుసటి రోజు నుంచి హైడ్రోజన్ షెడ్డు శాంపిళ్లు రెండు చేతుల్తో పట్టుకుని, తలుపు దగ్గర చెప్పులు విడిచి తెచ్చేవారు. చీటీలు ముత్యాల్లాంటి అక్షరాలతో ఉండేవి. మేనేజరు ఏడేళ్లుగా సర్క్యులర్లు పంపి సాధించలేని పని అది.

నాగేశ్వర్ ఒక్కడే చెప్పులతో వచ్చేవాడు.

"మీకు భయం లేదా సార్?"

"నేను సైన్స్ చదివిన."

"నేను చదివింది కూడ సైన్సే. కాకుంటే తెలుగుల."

*

జపాన్ నుంచి కొనుగోలుదారు తనిఖీకి వస్తున్నాడని కబురు వచ్చింది. పేరు ఇషిదా. మేనేజరు వణికాడు. బుట్ట సంగతి గుర్తొచ్చి ఇంకా వణికాడు. ఇద్దరినీ పిలిచాడు.

"షెడ్డు గోడకు బోర్డు కావాలి. కెటలిస్ట్ ఎండనివ్వరాదు అని. ఇంగ్లీషు, తెలుగు, ఉర్దూ, హిందీ, జపనీసు. మీ ఇద్దరి వల్లే వచ్చింది. మీ ఇద్దరే రాయండి."

బయటికి రాగానే మొదలైంది.

"అందరికీ తెలిసిన మాట కెటలిస్ట్. అన్ని భాషల్ల అదే రాద్దాం," అన్నాడు నాగేశ్వర్.

"అందరికంటే ఎవరు? మీరు, మేనేజరు, ఇద్దరేనా?"

"మరి ఉత్ప్రేరకం అని రాస్తే యాదన్నకు అర్థమైతదా?"

యాదన్ననే అడిగారు. అతను తడుముకోలేదు. "మేము నల్లమందు అంటం సార్."

మేనేజరుకు ఆ మాట చెప్పారు. ఆయన కుర్చీలోంచి లేచాడు. "జపాను వాళ్లు వచ్చే రోజు గోడ మీద నల్లమందు అని రాస్తారా? ఎక్సైజు వాళ్లను కూడా మీరే పిలవండి!"

బిహారు కూలీలను అడిగారు. హిందీలో పుస్తకం మాట ఉత్ప్రేరక్. వాళ్లలో ఒక్కడికీ అది తెలియదు. వాళ్లు దాన్ని మసాలా అంటున్నారు. కూరలో వేస్తే కూర అవుతుంది, తొట్టిలో వేస్తే మందు అవుతుంది. వాళ్ల లెక్క అంతే.

బాయిలర్ దగ్గర మహబూబ్ అలీ ఉండేవాడు. గడ్డం నెరిసిన మనిషి. కుర్రతనంలో హైదరాబాదులో ఉర్దూలోనే కెమిస్ట్రీ చదివాడు. పరీక్ష తప్పాడు. అయినా మాటలు మరవలేదు.

"అమల్ అంగేజ్," అన్నాడు కళ్లు మూసుకుని. "అమల్ అంటే పని బేటీ. అంగేజ్ అంటే రేపేది. పడుకున్న పనిని తట్టి లేపేది."

"ఎంత మంచిగున్నది చాచా!"

"మాట మంచిదే. నేనే ఫెయిలైన."

కెటలిస్ట్ అనే మాటకు మూలం ఎక్కడుందో చూస్తానని అరుణ సంగారెడ్డి లైబ్రరీకి పోయింది. మర్నాడు బస్‌స్టాప్‌లో చెప్పింది. వాన పడుతోంది. ముంబై రోడ్డు మీద లారీలు బురద చిమ్ముతున్నాయి. గొడుగు ఆమెది. అతని కుడిభుజం మాత్రమే గొడుగులో ఉంది. మిగతా మనిషి వానలో ఉన్నాడు.

"కెటలిస్ట్ గ్రీకుల మాట. వదులు చేసుడు, విప్పుడు అని అర్థమట. ముడి విప్పేది అనుకోండ్రి."

"నా దగ్గర ముడులేం లేవు."

"ఉన్నయి. నొసటి మీద."

అతను నొసలు సర్దుకున్నాడు.

"చూడుండ్రి సార్. గ్రీకులు ముడి విప్పేది అన్నరు. ఉర్దూవాళ్లు పని రేపేది అన్నరు. మనవాళ్లు పైకి ఉసిగొల్పేది అన్నరు. ఎండితే మండుతదని ఒక్కరన్న పేరు పెట్టలే."

"పేరు పెట్టినోళ్లు షెడ్డులకు రాలే."

ఆమె నవ్వింది. అతను అన్నమాటకు ఆమె నవ్వడం అదే మొదటిసారి. అతను మళ్లీ ఏదైనా అనాలని చూశాడు. ఎమ్మెస్సీలో ఆ పాఠం లేదు.

"ఇంకొకటి," అంది ఆమె. "పనిల పాలు పంచుకుంటది కానీ ఖర్చు గాదు అంటది పుస్తకం. అట్లయితే నెలనెలా కొత్త డ్రమ్ము ఎందుకు తెప్పిస్తున్రు?"

"అలిసిపోతది. నాలుగు బ్యాచులకే నీరసపడతది."

"మరి ఖర్చు గాదని ఎందుకు రాసిన్రు?"

"దాని కష్టం రాసినోనికి కనబడలేదేమో."

బస్సు వచ్చింది. ఆమె ఎక్కింది. గొడుగు కూడా ఎక్కింది. అతను పూర్తిగా వానలో నిలబడి, తాను తడుస్తున్న సంగతి బస్సు మలుపు తిరిగాక గమనించాడు. ఆ మనిషికి ఏదైనా గమనించడం ఆలస్యమే.

మిగతా నాలుగు వరుసలూ ఎలాగో తేల్చారు. జపనీసు ఒక్కటి మిగిలింది. అరుణ ఆ వరుస ఖాళీగా వదిలేద్దామంది. "వచ్చేటాయన్నే రాయమందాం. చేతికి పని చెప్తే వంకలు పెట్టుడు మర్చిపోతడు."

*

ఇషిదా వచ్చాడు. సన్నని మనిషి. తల వంచి అందరికీ నమస్కరించాడు. యాదన్న అంతకంటే కిందికి వంగాడు. ఆయన ఇంకా వంగాడు. మేనేజరు మధ్యలోకి రాకపోతే ఇద్దరూ నేలకు తగిలేవారు.

బోర్డు చూసి ఇషిదా ఆగాడు. ఖాళీ వరుస చూపించి, అరుణ బ్రష్షు అందించింది. ఆయన ముఖం పెళ్లికి పిలిచినట్టు వెలిగింది. రెండు అక్షరాలు నిదానంగా వేశాడు.

"షొకుబాయి," అన్నాడు.

"షోకు భాయ్?" అన్నాడు యాదన్న. "అది మన బద్రీ సార్ పేరు గాదా?"

స్టోర్స్ ఆఫీసర్ బద్రీనాథ్ అక్కడే ఉన్నాడు. ఓనరుకు మేనల్లుడు. షెడ్డులోకి కూడా ఇస్త్రీ మడత చెడకుండా వచ్చే మనిషి. అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు. అతనికి కోపం వచ్చేది ఎప్పుడో ఒకసారి. వస్తే మాత్రం ఎదుటివాడికి గుర్తుండేది.

ఇషిదా ఇంగ్లీషులో విడమర్చి చెప్పాడు. మొదటి అక్షరం ముట్టుకోవడం. రెండో అక్షరం మధ్యవర్తి, పెళ్లిళ్లు కుదిర్చే మనిషి. అందులో ఒక పక్క ఆడమనిషి గుర్తు ఉంటుంది, చూడండి అన్నాడు. రెండు ఇళ్లను కలిపి, తాను పక్కకు తప్పుకునే మనిషి.

అరుణ తెలుగులో చెప్పింది. "ముట్టుకుని పెండ్లి కుదిర్చేది."

షెడ్డంతా గొల్లుమంది. మహబూబ్ అలీ గడ్డం నిమిరాడు. "ఇన్ని భాషల్ల, పని తెలిసినోళ్లు వీళ్లే బేటీ," అన్నాడు.

ఆర్డరు ఖాయమైంది. మేనేజరు అందరికీ క్యాంటీన్‌లో మిర్చి బజ్జీలు పెట్టించాడు. అక్కడే వచ్చింది ముప్పు.

బద్రీనాథ్ బజ్జీ ప్లేటు తీసుకుని నాగేశ్వర్ ఎదుట కూర్చున్నాడు. "అరే నాగేష్, నాకు నువ్వే కెటలిస్ట్‌వు కావాలె."

"ఏ రియాక్షన్‌కు?"

"అరుణాదేవి."

నాగేశ్వర్ నోట్లో బజ్జీ అలాగే ఉండిపోయింది.

"మా పెద్దోళ్లను పంపి, వాళ్లు కాదంటే ఇజ్జత్ పోతది. నువ్వు మనోనివి. మాట తెలిసినోనివి. ఆదివారం సంగారెడ్డి పోయి వాళ్లింట్ల మెల్లగ కదిలించి రా. సై అంటే అప్పుడు మావోళ్లు పోతరు. ఏమంటవ్ భాయ్?"

బద్రీనాథ్‌కు గుసగుసలాడటం రాదు. రెండు బల్లల అవతల అరుణ టీ తాగుతోంది. తల ఎత్తి నాగేశ్వర్ వైపు చూసింది. కోపంగా కాదు. ఏమంటాడో విందామన్నట్టు.

కాదనడానికి ఒక్క మాట చాలు. ఆ మాట అంటే ఎందుకని అడుగుతారు. ఎందుకో చెప్పాలి. అందరి ముందు చెప్పాలి. ఓనరు మేనల్లుడికి చెప్పాలి. నాగేశ్వర్ బజ్జీ మింగాడు.

"సరే," అన్నాడు.

అరుణ టీ గ్లాసు సగంలో పెట్టేసి లేచిపోయింది.

సాయంత్రం బస్‌స్టాప్‌లో మళ్లీ వాన. ఆమె గొడుగు విప్పి సరిగ్గా మధ్యలో నిలబడింది. అతని భుజానికి కూడా చోటు లేదు.

"ఆదివారం వస్తున్నరంట గద, మధ్యవర్తి గారు."

"అరుణ గారూ, అది..."

"పన్నెండింటికి రండ్రి. నాయనమ్మ ఇంట్లనే ఉంటది. జెర ఆకలితోని రండ్రి."

"ఆకలితోని ఎందుకు?"

"మా ఇంట్ల వంట మంచిగుంటది," అంది. నవ్వింది. ఆ నవ్వులో దయ లేదు.

*

ఆదివారం నైట్ షిఫ్ట్ దిగి వచ్చేసరికి మెస్సు మూసి ఉంది. నాగేశ్వర్ స్నానం చేసి, ఖాళీ కడుపుతో సంగారెడ్డి బస్సెక్కాడు. దారి పొడుగునా బద్రీనాథ్ గుణాలు కూడబలుక్కున్నాడు. స్కూటర్ దగ్గర మొదలై స్కూటర్ దగ్గరే ఆగిపోయాయి.

అరుణ తండ్రి ఇనుప సామాన్ల దుకాణంలో ఉన్నాడు. తల్లి వంటింట్లో ఉంది. ఆ ఇంట్లో మాట మాత్రం నాయనమ్మ నర్సింహమ్మది. ఆమె మంచం మీద కూర్చుని అతన్ని నఖశిఖపర్యంతం చూసింది.

"చేతులు కడుక్కో బిడ్డా."

"వద్దు నాయనమ్మా. ఒక మాట మాట్లాడిపోదామని..."

"మాట యాడికి పోదు. అన్నం చల్లారుతది."

అరుణ పళ్లెం తెచ్చి పీట ముందు పెట్టింది. వేడి అన్నం, ముద్దపప్పు, గుత్తొంకాయ, పచ్చిపులుసు, కొత్త మామిడికాయ తొక్కు. నెయ్యి వాసన అతని తెలివిని ముందే తినేసింది.

అరుణది, నాగేశ్వర్‌ది, బద్రీనాథ్‌ది ఒకే కులం. ఆ కులంలో ఒక కట్టుబాటు ఉంది. పిల్లను అడగొచ్చినవాళ్లు ఆ ఇంట్లో మంచినీళ్లు తాగుతారు. మాట కుదిరితేనే పళ్లెం ముందు కూర్చుంటారు. కుదరకముందే తింటే కుదిరినట్టే. సంగారెడ్డిలోనూ అంతే, జోగిపేటలోనూ అంతే. నాగేశ్వర్‌కు తెలుసు. అయితే తను పిల్లవాడి తరఫు బంధువు కాడు. ఉత్త మధ్యవర్తి. మధ్యవర్తికి కట్టుబాటు వర్తించదు. ఇలా తనకు తాను తీర్పు చెప్పుకున్నాడు. ఆకలిగా ఉన్నవాడు ఏ తీర్పైనా చెప్పుకుంటాడు.

"తినరులే నాయనమ్మా," అంది అరుణ గడప దగ్గర నిలబడి. "సార్‌కు మెస్సు కూడే పడతది."

నాగేశ్వర్ చేతులు కడుక్కున్నాడు.

తిన్నాడు. తొక్కు కలుపుకుని తిన్నాడు. అరుణ మళ్లీ అన్నం తెచ్చింది. వద్దనలేదు. వంకాయ కూడా వేయించుకున్నాడు. నర్సింహమ్మ రెప్ప వేయకుండా చూసింది. అతను చేయి కడిగి, తుడుచుకుని, పీట మీద సర్దుకున్నాక నోరు తెరిచింది.

"ఇగ చెప్పు. ఎందుకొచ్చినవ్?"

"మా కంపెనీల బద్రీనాథ్ అని ఉన్నడు నాయనమ్మా. సదాశివపేట. వాళ్లకు బెల్లం మండీ ఉన్నది. మీ అరుణను..."

"పెండ్లిగాని పోరడివి, పెండ్లి మాట్లాడొచ్చినవా? సరే కానియ్యి. పిలగాడు ఎసొంటోడు?"

"మంచోడు. స్కూటర్ ఉంది."

"స్కూటర్‌కు ఇస్తనా పిల్లను? మనిషి ఎసొంటోడు?"

"నెమ్మదస్తుడు. బట్టలు నలగనియ్యడు."

"మా పిల్లకు నోరెక్కువ. ఓర్సుకుంటడా?"

"ఓర్సుకోడు," అన్నాడు నాగేశ్వర్. అనుకోకుండా, తడుముకోకుండా వచ్చింది.

"నీకెట్ల ఎరుక?"

"రోజూ ఆ నోట్ల పడేది నేను గద."

వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది.

"అట్లనా. మా పిల్ల గురించి ఆ పిలగానికి ఏం చెప్పినవ్?"

"ఏం చెప్పలే."

"నాకు చెప్పు మరి. ఎసొంటిది?"

ఇక్కడ బద్రీనాథ్ గుణాల్లాగా వెతుక్కోవలసిన పని లేకపోయింది. "ఆమె చూసిన శాంపిల్ మళ్ల చూడనక్కర లేదు. తప్పుంటే మేనేజరు మొఖం మీదనే చెప్తది. ఒక్క మాట తెల్వకపోతే లైబ్రరీ దాక పోయి మూలం తవ్వుకొస్తది. యాదన్నను ఆటపట్టిస్తది గానీ, యాదన్న పిల్లకు జరమొస్తే తన డబ్బాల అన్నం పంపింది ఆమెనే. నవ్వు ఆపుకోవాలంటే కింది పెదవి కొరుక్కుంటది. ఒక్కోనాడు ఆ నవ్వు సాయంత్రం బస్సు దాక..."

ఆగిపోయాడు. గడప దగ్గర ఎవరూ లేరు. తలుపు చాటున గాజులు మాత్రం చప్పుడయ్యాయి.

"ఇదంత బద్రీనాథ్ చెప్పి రమ్మన్నడా?" అంది నర్సింహమ్మ.

"లేదు."

"అడగొచ్చినోళ్లు మాట కుదిరేదాక చెయ్యి కడగరు. మీ జోగిపేటల తెల్వదా?"

"తెలుసు."

"తెలిసీ తిన్నవ్. మధ్యవర్తివని మొదటిసారి తిన్నవనుకుందాం. రెండోసారి ఎవరని తిన్నవ్ బిడ్డా?"

నాగేశ్వర్ పీట మీద నుంచి లేచాడు. బయటపడే తలుపు కనిపిస్తూనే ఉంది. బద్రీనాథ్ పేరు ఇంకొక్కసారి చెప్పి, దణ్ణం పెట్టి వెళ్లిపోతే ఉద్యోగం భద్రం, స్నేహం భద్రం. చేజారేది అరుణ ఒక్కతే.

"నా కోసమే తిన్న నాయనమ్మా," అన్నాడు. "నా కోసమే వచ్చిన. వేరేటోని పేరు అడ్డం పెట్టుకుని వచ్చిన."

"ఆ మాట నాకు తర్వాత. ముందు పంపినోనికి చెప్పు. ఒకని పని మీదొచ్చి తన పని చూసుకునేటోన్ని దొంగ అంటరు మా ఇంట్ల. ఇప్పుడే పో. చెప్పిరా. చెప్పకుంట వస్తే తలుపు తియ్య."

తలుపు చాటు నుంచి అరుణ వచ్చింది. "ఇంతకూ నన్ను ఎవ్వరు అడగరా?"

"ఆగవే. ముందు వీడు మనిషో కాదో తేలనీ."

*

సదాశివపేట మండీలో బద్రీనాథ్ తెల్లని పరుపు మీద, తెల్లని బట్టల్లో కూర్చున్నాడు. చుట్టూ బెల్లం దిమ్మలు, ఈగలు. నాగేశ్వర్‌ను చూసి లేచాడు.

"ఏమన్నరు? మొఖం చూస్తే కుదిరినట్టే ఉంది! కూసో, చాయ్ చెప్త."

"చాయ్ వద్దు బద్రీ. నేను నీ మాట అడగలే. అంటే, మొదలువెట్టిన గానీ నడవలే. ఆమె అంటే నాకు... నాకే ఇష్టం. ఆ రోజు క్యాంటీన్‌లనే చెప్పాలె. చెప్పలే."

బద్రీనాథ్ కూర్చున్నాడు. బెల్లం మీద ఈగల్ని తోలాడు. తర్వాత అసలు ప్రశ్న అడిగాడు. అతనూ ఆ కులం బిడ్డే.

"అన్నం తిన్నవా?"

"తిన్న."

"వాళ్లింట్లనే?"

"రెండుసార్లు వేయించుకున్న."

బెల్లం ముక్క గాలిలో లేచింది. పిడికెడంత ముక్క. నాగేశ్వర్ నొసటికి తగిలి ఒళ్లో పడింది.

"నా పేరు మీద పోయి నీ కడుపు నింపుకొస్తవా!"

"అవును," అన్నాడు నాగేశ్వర్. తప్పుకోలేదు. నొసలు పట్టుకోలేదు.

"రేపటి నుంచి షెడ్డుల ఎట్ల పని చేస్తవో చూస్త."

"చూడు. నీకు హక్కుంది."

"మళ్ల హక్కు అంటడు! పో, పో ఇక్కడి నుంచి." నాగేశ్వర్ బెల్లం ముక్కను గద్దె మీద పెట్టబోయాడు. బద్రీనాథ్ ఇంకా మండిపడ్డాడు. "తీసుకపో! మందికి తగిలిన బెల్లం మేము అమ్మం."

అతను అన్నంత పనీ చేశాడు. ఆ తర్వాత ఏడాది పాటు, చేతి తొడుగుల జత కావాలన్నా నాగేశ్వర్ స్టోర్స్ కిటికీ ముందు అరపూట నిలబడవలసి వచ్చింది. బద్రీనాథ్ లోపల గోళ్లు కత్తిరించుకుంటూ ఉండేవాడు. తనకు జహీరాబాదు పిల్లతో పెళ్లి కుదిరిన రోజున కూడా జత ఇచ్చింది మధ్యాహ్నం దాటాకే.

*

చీకటి పడకముందే నాగేశ్వర్ మళ్లీ సంగారెడ్డిలో దిగాడు. వాన అతని కోసమే ఆగి ఉన్నట్టు అప్పుడే మొదలైంది. తలుపు కొట్టాడు. నర్సింహమ్మ తీసింది. వెనక అరుణ తండ్రి దుకాణం నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుంటున్నాడు.

"ఎవరమ్మా?" అన్నాడు ఆయన.

"నీకు అల్లుడు కావాలని తిరుగుతున్నడు. ఇంకా కాలే. నువ్వు కాళ్లు కడుక్కో." నర్సింహమ్మ అతని నొసలు చూసింది. "ఏందిది, బొప్పి కట్టింది?"

"బెల్లం."

"కొట్టిండా?"

"విసిరిండు. నేను చెప్పిన నాయనమ్మా. అంతా చెప్పిన."

"మనిషివే," అంది ఆమె. అతని చేతిలోని ముక్క తీసుకుంది. వానకు అంచు కరిగి జిగురుగా ఉంది. గడప మీద కొట్టి రెండు చేసింది. ఒకటి కొడుకు చేతిలో పెట్టింది. ఆయన బొప్పిని చూశాడు, తల్లిని చూశాడు, ఇంకేమీ అడగకుండా నోట్లో వేసుకున్నాడు. రెండోది నాగేశ్వర్ నోటి దాకా తెచ్చింది.

"ఆగు నాయనమ్మా."

అరుణ గడప దాకా వచ్చింది. చేతులు కట్టుకుని నిలబడింది. నాగేశ్వర్ చూరు కింద, సగం ఇంట్లో సగం వానలో ఉన్నాడు.

"మా నాయనమ్మకు చెప్పిన్రు. సదాశివపేట దాక పోయి చెప్పిన్రు. ఇప్పుడు మా నాన్నకు కూడ తెలిసింది. ఇగ మిగిలింది యాదన్న. నాకెప్పుడు చెప్తరు సార్?"

"ఇప్పుడే చెప్త."

"చెప్పుండ్రి."

"అరుణా, నన్ను పెండ్లి చేసుకుంటవా?"

"అరుణానా? గారు ఏమైంది?"

"వానల కొట్టుకపోయింది."

"క్యాంటీన్‌ల అందరి ముందు ఒక్క మాట అంటే, గింత వానల తిరిగే పని ఉంటుండెనా?"

"ఉండకపోతుండె."

"బొప్పి కట్టకపోతుండె."

"అవును."

"ఇంకెప్పుడన్న నా మాట ఇంకొకని తరఫున మాట్లాడుతరా?"

"నా తరఫున్నే మాట్లాడుడు సక్కగ రాదు. వేరేటోనిది ఎందుకు నాకు?"

అరుణ కాసేపు అతన్ని అలాగే తడవనిచ్చింది. తర్వాత నాయనమ్మ చేతిలో నుంచి బెల్లం ముక్క లాక్కుని, సగం కొరికి, మిగతా సగం అతని చేతిలో పెట్టింది.

"ఏమే, ఒప్పుకున్నట్టా కానట్టా?" అంది నర్సింహమ్మ. "చక్కగ నోరు తెరిచి చెప్పు."

అరుణ బుగ్గ నిండా ఉన్న బెల్లం చూపించి, నోరు తెరవనని తల అడ్డంగా ఊపింది.

"తినుకుంట మాట్లాడొద్దంటవ్ గద," అంది.